ఈ మాట ఎక్కడి నుంచి తెచ్చావు, నాయనా?



ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా మన పిల్లలు ప్రాజెక్టుల హడావిడిలో ఉన్నారు. మీ ఇళ్లల్లో పరిస్థితి మాకు తెలియనిది కాదు. రాత్రి తొమ్మిదికి థర్మోకోల్ షీటు గుర్తొస్తుంది, తొమ్మిదిన్నరకు నెట్ సెంటర్ మూసేస్తారని నాన్న బండి తీస్తారు. నెట్ సెంటర్‌లో క్లాసు, టాపిక్ చెబితే చాలు. పది పేజీలు, రంగుల ప్రింటు, స్పైరల్ బైండింగు, అట్ట మీద మీ పిల్లవాడి పేరు. లోపల ఉన్నది ఎవరు రాశారో ప్రింటు తీసినవారికి తెలియదు, డబ్బు కట్టిన మనకూ తెలియదు.

ఇంత చిన్న విషయానికి వ్యాసం ఎందుకు అనుకోకండి. ఇదే పని పెద్ద చదువుల్లో చేస్తే దానికి గ్రంథచౌర్యం అని పేరు. కాలేజీల్లో ప్లేజియరిజం అంటారు. డిగ్రీ పోతుంది, ఉద్యోగంలో ఇంక్రిమెంట్లు పోతాయి, పేరు పోతుంది. పదో తరగతి దాకా మనం ముద్దుగా చూసిన అలవాటును ఇరవై రెండో ఏట యూనివర్సిటీ నేరంగా చూస్తుంది. మధ్యలో ఎవరూ ఆ పిల్లవాడికి చెప్పరు. అందుకే ఈ నెల పాఠం మీకు.

మనకు దగ్గరలోనే జరిగిన సంగతితో మొదలుపెడదాం. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. మీలోనే చాలామంది అక్కడ చదివి ఉంటారు. అక్కడ రసాయనశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన పి. చిరంజీవి 2004 నుంచి 2007 దాకా దాదాపు 70 పరిశోధన పత్రాలు ప్రచురించారు. అవి వచ్చింది 25 పత్రికల్లో. లెక్క వేస్తే నెలకు ఒకటికి పైనే. వాటిలో ఇతరుల పత్రాల నుంచి ఎత్తి రాసినవి, కల్పించిన ఫలితాలు ఉన్నాయని పత్రికల వైపు నుంచి ఆరోపణలు వచ్చాయి. యూనివర్సిటీ విచారణ జరిపి తప్పు జరిగిందని తేల్చింది, ఆయనపై ఆంక్షలు పెట్టింది. 2008లో అమెరికన్ కెమికల్ సొసైటీ వారి ‘కెమికల్ అండ్ ఇంజినీరింగ్ న్యూస్’ పత్రిక దీన్ని భారీ మోసంగా పేర్కొంటూ ప్రపంచం ముందు పెట్టింది.

ఇందులో నష్టపోయింది ఎవరు? అసలు రాసిన శాస్త్రవేత్తలు నష్టపోయారు, అది తేలికగానే తెలుస్తుంది. ఆ వెనక ఉన్నవాళ్లను కూడా చూడండి. ఆయన విభాగం విశ్లేషణ రసాయనం. నీటిలోనో, మందులోనో, తిండిలోనో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే విద్య అది. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చెప్పేది కూడా ఆ విద్యే. ఎక్కడో ఒక ల్యాబులో ఒక కుర్రవాడు ప్రచురితమైన పద్ధతిని నమ్మి, అదే కొలతతో నీళ్లు పరీక్షిస్తాడు. ఆ పద్ధతి ఎవరూ ఎప్పుడూ చేసి చూడనిదైతే? తప్పు అంకె ల్యాబులోనే ఆగిపోదు, ఎవరి ఇంటి బిందెలోకో వస్తుంది. ఇంకొక మాట. అదే యూనివర్సిటీలో అదే ఏళ్లలో నిజాయితీగా పనిచేసి పట్టా తీసుకున్నవాళ్లు ఉన్నారు. బయటి దేశంలో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు యూనివర్సిటీ పేరు చెప్పగానే ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగితే, ఆ క్షణం భారం మోసేది వాళ్లే.

పరిశోధన పత్రిక ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకుంటే మిగతాది సులభంగా అర్థమవుతుంది. కథ రాసినవారికి వారపత్రిక పారితోషికం ఇస్తుంది. పరిశోధన పత్రం రాసినవారికి ఏమీ రాదు. సంపాదకుడు ఆ పత్రాన్ని అదే విషయంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతాడు. వాళ్లు సాధారణంగా జీతం భత్యం లేకుండానే చదివి తప్పులు చెబుతారు, ప్రశ్నలు వేస్తారు. సమాధానాలు రాయాలి, ఒక్కోసారి ప్రయోగం మళ్లీ చేయాలి. నెలలు పడుతుంది. దీన్ని పీర్ రివ్యూ అంటారు. ఇంత చేసినా సమీక్షకులు పోలీసులు కారు. రాసినవాడు చేసే రాశాడనే నమ్మకంతోనే చదువుతారు. ఆ నమ్మకం తప్పని తర్వాత తేలితే పత్రిక ఆ పత్రాన్ని ఉపసంహరించుకుంటుంది. అలాగని మాయం చేసెయ్యదు. ‘రిట్రాక్టెడ్’ అన్న ముద్ర వేసి, అందరికీ కనిపించేలా అక్కడే ఉంచుతుంది. రాసినవారి పేరు గూగుల్‌లో కొడితే పాతికేళ్ల తర్వాత కూడా అది వస్తుంది.

మన దేశంలో నియమాలు కూడా రాతపూర్వకంగా ఉన్నాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 జులైలో ఉన్నత విద్యాసంస్థల కోసం గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు తెచ్చింది. పీహెచ్‌డీ థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూస్తారు. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అధ్యాపకులకు వేరే శిక్షలున్నాయి. పత్రం వెనక్కి తీసుకోవాలి, తీవ్రతను బట్టి ఒకటో రెండో ఇంక్రిమెంట్లు ఆగుతాయి, కొత్త విద్యార్థులకు గైడ్‌గా ఉండే అవకాశం రెండు మూడేళ్లు పోతుంది. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, చివరి గ్రంథాల పట్టిక, చట్టాల పాఠం, శాస్త్ర సూత్రాలు ఈ లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలు వరుసగా 14 పదాల దాకా కలిసినా వదిలేస్తారు. మీలో లెక్చరర్లు ఉన్నారు కాబట్టి ఈ అంకెలు కొందరికి పాఠమే అక్కరలేకుండా తెలుసు.

ఈ శాతాలు చూసి చాలామంది ఒక పొరపాటు అభిప్రాయానికి వస్తారు. తొమ్మిది శాతం వస్తే మంచివాడు, ముప్పై వస్తే దొంగ అని. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది మాటల పోలిక ఒక్కటే. మొత్తం పత్రంలో ప్రాణంలాంటి ఒక్క ఆలోచనను ఎత్తేసి, మిగతాదంతా సొంతంగా రాస్తే శాతం చాలా తక్కువ వస్తుంది. ఇంగ్లిషులో ఉన్నదాన్ని తెలుగులోకి దించి పేరు పెట్టుకుంటే అసలు ఏమీ రాకపోవచ్చు. తెలుగు వాక్యాన్ని ఇంగ్లిషు పుస్తకంతో పోల్చడం అలాంటి యంత్రాలకు అంత బాగా రాదు. మన తెలుగు పుస్తకాల్లో ఎన్ని వ్యాసాలు ఇలా వచ్చాయో ఎవరూ లెక్క తీయలేదు, తీస్తే బాగుండదేమో కూడా. అంకెలు, పట్టికలు, బొమ్మలు ఎత్తుకొస్తే పట్టుకోవడం ఇంకా కష్టం.

యంత్రాన్ని మోసం చేయడానికి మరో యంత్రం కూడా వచ్చింది. మాటలకు పర్యాయపదాలు మార్చే సాఫ్ట్‌వేర్లు. 2021లో గియోమ్ కబానక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు శాస్త్ర పత్రికల్లో వింత మాటలు చూసి వెతకడం మొదలుపెట్టారు. కృత్రిమ మేధకు ఇంగ్లిషులో అందరూ వాడే మాట ఉండగా, కొన్ని పత్రాల్లో ‘నకిలీ స్పృహ’ అనే అర్థం వచ్చే మాట కనిపించింది. రొమ్ము క్యాన్సర్ అని ఉండాల్సిన చోట ‘ఎద ఆపద’ అని అర్థం వచ్చే ‘బుజమ్ పెరిల్’ ఉంది. ఏ డాక్టరూ అలా అనడు. వాళ్లు వీటికి ‘హింసించిన పదబంధాలు’ అని పేరు పెట్టారు. నవ్వొస్తుంది. ఆ పత్రాలు సంపాదకుడిని, సమీక్షకులను దాటుకుని అచ్చయ్యాయని గుర్తొస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

ఇప్పుడు మీ జేబుకు సంబంధించిన సంగతి. ఈ మధ్య కొందరు ఏజెంట్లు స్కూలు పిల్లల తల్లిదండ్రులకు కూడా ఫోన్లు చేస్తున్నారు. “మీ అబ్బాయి పేరుతో ఇంటర్నేషనల్ జర్నల్‌లో పేపర్ వేయిస్తాం, అమెరికా అడ్మిషన్‌కు పనికొస్తుంది, ఇంత కట్టండి” అంటారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు మూడు వారాల్లో పరిశోధకుడు అయిపోతాడు. మీకు గర్వంగా అనిపిస్తుంది, పంచుకోవడానికి ఒక లింకు కూడా వస్తుంది. దయచేసి కట్టే ముందు ఈ పేరా చదవండి.

హైదరాబాద్ కేంద్రంగా ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ వందల సంఖ్యలో పరిశోధన పత్రికలు నడిపింది. 2016 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద కేసు వేసింది. నిపుణుల సమీక్ష జరుగుతుందని చెప్పి సరిగా చేయించడం లేదని, అడగకుండానే శాస్త్రవేత్తల పేర్లను సంపాదకవర్గంలో పెట్టుకుందని, పత్రం పంపిన తర్వాత గాని ఫీజు సంగతి చెప్పడం లేదని, వెనక్కి తీసుకుంటామన్నా ఇవ్వడం లేదని ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు కమిషన్ పక్షాన తీర్పు ఇచ్చి, సంస్థ, దాని యజమాని 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. ఇలాంటి పత్రికలకు ప్రిడేటరీ జర్నల్స్ అని పేరు వచ్చింది. తెలుగులో వేటాడే పత్రికలు అనుకోండి. వేట మన ఆశల మీద.

ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి. ఫీజు తీసుకునే ప్రతి పత్రికా దొంగ పత్రిక కాదు. చదివేవారికి ఉచితంగా అందించే మంచి పత్రికల్లో కూడా కొన్ని రాసినవారి దగ్గరే ఖర్చు తీసుకుంటాయి. కాబట్టి డబ్బు అడిగారా లేదా అన్నది గుర్తు కాదు. సమీక్షకులు ఏం రాశారో చూపించమని అడగండి. నిజంగా సమీక్ష జరిగితే కాగితం ఉంటుంది, అందులో పొగడ్తల కన్నా ప్రశ్నలు ఎక్కువ ఉంటాయి. వారంలో అచ్చు వేస్తామంటే సమీక్ష ఎప్పుడు జరిగిందని అడగండి. సంపాదకవర్గంలో ఉన్న ఒక ప్రొఫెసర్‌కు ఆయన కాలేజీ చిరునామాకే ఈమెయిల్ పెట్టి, మీరు ఇందులో ఉన్నారా అని అడగండి. ‘యూజీసీ అప్రూవ్డ్’ అని అట్ట మీద ఉంటే చూసి ఆగిపోకండి. మంచి పత్రికల గుర్తింపు కోసం యూజీసీ పెట్టిన కేర్ జాబితానే 2025లో ఆపేసింది, ఎంపిక బాధ్యతను విద్యాసంస్థలకు వదిలింది. అన్నిటికన్నా ముందు మీ పిల్లవాణ్ని కూర్చోబెట్టి, “ఇందులో నువ్వు చేసిన పని ఏది నాయనా?” అని అడగండి. రెండు నిమిషాలు మాట్లాడలేకపోతే ఆ పత్రం మీ పిల్లవాడిది కాదు.

పీహెచ్‌డీ కోసమే ఇలాంటి పత్రికల్లో అచ్చు వేయించుకునేవాళ్లు ఒకప్పుడు చాలామంది. థీసిస్ ఇచ్చే ముందు పత్రం అచ్చయి తీరాలన్న నిబంధన ఉండేది. 2022 యూజీసీ నిబంధనల్లో దాన్ని తప్పనిసరి జాబితా నుంచి తీసేశారు. రద్దీ కొంత తగ్గే ఉంటుంది, ఏజెంట్లు కొత్త గిరాకీ కోసం చూస్తున్నారు. ఆ గిరాకీ మనమే.

సరే, ఇంట్లో ఏం చేయాలి? పాఠం అన్నాం కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. మదనపల్లె పిల్లలకు మనం తరచూ ఇచ్చే టాపిక్ జనగణమన. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియసాఫికల్ కాలేజీకి, మనం పిలిచే బీటీ కాలేజీకి, వచ్చారు. అప్పుడు ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఠాగూర్ అక్కడే ఆ గీతాన్ని తానే ఇంగ్లిషులోకి మార్చి ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. కజిన్స్ గారి భార్య మార్గరెట్‌కు పాశ్చాత్య సంగీతం వచ్చు. స్వరాలు కాగితం మీద పెట్టడంలో ఆమె సాయపడ్డారు. చూడండి, పాట ఠాగూర్‌ది, అనువాదమూ ఆయనదే, స్వరలిపి దగ్గర ఇంకొకరి చెయ్యి ఉంది. వందేళ్లు దాటినా ఎవరి పని ఎవరిదో విడివిడిగా చెప్పుకుంటున్నాం.

దీని మీద ముగ్గురు పిల్లలు రాశారనుకోండి. మొదటివాడు పుస్తకంలో ఉన్న పేరాను ఉన్నట్టే దించాడు. కింద తన పేరు, సెక్షను. ఇది అందరికీ తెలిసే తప్పు.

రెండో అమ్మాయి తెలివైనది. ‘వచ్చారు’ను ‘విచ్చేశారు’ చేసింది, ‘కాలేజీ’ని ‘కళాశాల’ చేసింది, రెండు వాక్యాలు అటూ ఇటూ మార్చింది. టీచరు గారికి పోలిక దొరకదు, మార్కులు బాగా వస్తాయి. మనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మాటలు మారాయి కదా, సొంతంగా రాసింది కదా అంటాం. వాక్యాల వరుస, విషయాల ఎంపిక, ఏది ముందు ఏది వెనక అన్న ఆలోచన ఆ పుస్తకం రాసినాయనది. ఆయన పేరు ఎక్కడా లేదు. ఇందాక చూసిన ‘ఎద ఆపద’ పత్రాలకూ దీనికీ తేడా యంత్రం ఒక్కటే.

మూడోవాడు ఇలా రాశాడు. “ఠాగూర్ మదనపల్లెకు వచ్చిన సంగతి మా స్కూలు లైబ్రరీలోని ఫలానా పుస్తకంలో చదివాను. ఆదివారం మా నాయనతో బీటీ కాలేజీ దగ్గరికి పోయి చూశాను. మా అవ్వకు ఈ విషయం తెలుసా అని అడిగాను. బడిలో చెప్పినారు గానీ మరిచిపోయినానని అనింది.” వాక్యాలు కాస్త గరుకుగా ఉన్నాయి. ఒక స్పెల్లింగు తప్పు కూడా ఉండొచ్చు. చదివింది ఎక్కడిదో చెప్పాడు, తాను చూసింది వేరుగా చెప్పాడు, అవ్వ మాట అవ్వ పేరు మీదే రాశాడు. పరిశోధన అంటే ఇంతే. పీహెచ్‌డీలో పేజీలు పెరుగుతాయి, పద్ధతి ఇదే.

మూడోవాడికి మార్కులు తక్కువ వస్తే మా దగ్గరికి రండి. ఆ ప్రశ్న మీరు మమ్మల్ని అడగాలి.

పెద్ద తరగతుల పిల్లలు చాట్‌జీపీటీ లాంటివి వాడుతున్నారు. వద్దని చెబితే ఆగేది కాదు. అర్థం కాని పాఠాన్ని ఇంకోలా చెప్పించుకోవడానికి అది మంచి తోడు. రాసి ఇమ్మంటేనే చిక్కు. అది లేని పుస్తకాలకు పేర్లు పెడుతుంది, లేని పేజీ నంబర్లు ఇస్తుంది, ఎంతో మర్యాదగా ఇస్తుంది. 2023 జూన్‌లో న్యూయార్క్ కోర్టు ఒకటి, చాట్‌జీపీటీ సృష్టించిన లేని తీర్పులను దాఖలు చేసిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. వాళ్లు చదువుకోని వాళ్లు కారు. కాబట్టి మీ అమ్మాయి ప్రాజెక్టు చివర పుస్తకాల పేర్లు ఉంటే అందులో ఒకటి ఎంచుకుని, “ఇది చూపించమ్మా” అనండి. మీకు ఇంగ్లిషు రాకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు. పుస్తకం ఉంటే చూపిస్తుంది.

అసలు థీసిస్ ఎలా ఉంటుందో చూడాలనుకునే పిల్లలు ఇంట్లో ఉంటే ‘శోధ్‌గంగ’ తెరిచి చూపించండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే భండారం అది. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఉచితంగా చదవొచ్చు. అంతా బయటే ఉంది కాబట్టి ఎవరు ఎక్కడి నుంచి తెచ్చారో ఎవరైనా చూడొచ్చు. కుప్పం పిల్లలకు ఒక మాట. 1997లో మీ ఊళ్లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం బోర్డు మీరు రోజూ బస్సులోంచి చూసేదే. యూనివర్సిటీలో పరిశోధన అంటే ఏం చేస్తారో అడిగి తెలుసుకునేంత దూరంలో ఉన్నారు, అడగండి.

ఈ నెల నుంచి ఆరో తరగతి, ఆపై తరగతుల ప్రతి ప్రాజెక్టు చివర ఒక పేజీ తప్పనిసరి చేస్తున్నాం. దాని పేరు ‘ఎక్కడి నుంచి’. ఏ పుస్తకం, ఏ పేజీ, ఎవరిని అడిగారు, ఏ వెబ్‌సైటు ఏ తేదీన చూశారు, ఏది సొంతంగా చేశారు అన్నవి పిల్లలే తమ చేత్తో రాయాలి. టైపు చేయించవద్దు. ప్రాజెక్టు మొత్తానికి ఉన్న 20 మార్కుల్లో 8 ఈ పేజీకే. బొమ్మల అందానికి ఇచ్చే మార్కులు 2కి తగ్గించాం. దీని వల్ల నెట్ సెంటర్ వాళ్లకు కాస్త కోపం రావచ్చు.

చాలామంది అమ్మలు అడిగే ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు. “సార్, మేము అసలు సాయం చేయకూడదా?” చేయండి. చార్టు అంటించండి, కత్తెర పట్టండి, అర్థం కానిది చెప్పండి. ఆ తర్వాత ‘ఎక్కడి నుంచి’ పేజీలో, “చార్టు అంటించింది మా అమ్మ, బ్యాటరీ కనెక్షను చూపించింది మా మామ” అని మీ వాడి చేతే రాయించండి. దానికి మార్కులు తగ్గవు. నోటుబుక్కులు 24వ తేదీ సాయంత్రం లోపు క్లాసు టీచరుకు చేరాలి.